అధ్యక్షా అనబోయి అప్పా అన్నాను

మా ఎక్స్‌రే గది బయట హాల్లో ఓ టీవీ ఉంది. అసెంబ్లీ జరిగే రోజుల్లో దాని ముందు కూర్చున్న రోగులు నొప్పులు మరిచిపోయి రెండు పార్టీలుగా చీలిపోతారు. మొన్న పొద్దున ఆ గోలలోంచి "అధ్యక్షా! అధ్యక్షా!" అంటూ ఎవరో సభ్యుడి బొంగురు గొంతు వినిపించింది. ఓ పెద్దాయన మోకాలిని బల్ల మీద సర్దుతున్న నేను ఆగి నవ్వుకున్నాను. ఆ మాట నా నోటికి పట్టించడానికి బాషా సార్ పడ్డ పాట్లు గుర్తొచ్చాయి.

బాషా సార్ మదనపల్లెలో మా డిగ్రీ కాలేజీకి ఆటల మాస్టారు. రోజూ పుంగనూరు నుంచి బస్సులో వచ్చేవారు. మెడలో విజిల్ లేకుండా ఆయన్ని ఎవరూ చూసి ఎరగరు. కాలేజీలో మాదిరి శాసనసభ పెట్టినప్పుడు, మా నోళ్లు మూయించగలిగేది ఆయనొక్కరేనని ప్రిన్సిపాల్ ఆయన్నే స్పీకర్ కుర్చీలో కూర్చోబెట్టారు. రాజనీతిశాస్త్రం లెక్చరర్ అలిగారు కూడా. సార్ మాత్రం వారం రోజులు సభా నియమాలు చదివి, "ఇది కబడ్డీనే. గీత దాటితే ఔటు" అని తేల్చేశారు.

నేను ప్రతిపక్షం. రామకుప్పం దగ్గరి పల్లె నుంచి వచ్చిన నాకు అప్పట్లో ముక్కు మీదే కోపం. దానికి కారణమూ ఉంది. ఆ నెలలోనే ఖోఖో ఆడుతూ పడి మోకాలు వాచింది. మదనపల్లెలోనే ఓ చిన్న ప్రభుత్వాసుపత్రికి వెళ్తే ఎక్స్‌రే మిషను ఉంది, గదికి తాళం ఉంది, తీసే మనిషి లేడు. జిల్లా పోటీల్లో ఆడొచ్చో లేదో చెప్పే దిక్కు లేదు. సభలో అదే లేవదీశాను. ఆరోగ్యమంత్రి వేషం కట్టిన అబ్బాయి పళ్లికిలించాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏమప్పా, నవ్వుతాండావు? నీ కాలు ఇరిగితే తెలుస్తాది!"

విజిల్ మోగింది. "రెడ్డెమ్మా, ఆయప్పతో నీకేం పని? నన్ను సూసి మాట్లాడు. అధ్యక్షా అను" అన్నారు సార్.

"అట్లేనప్పా" అన్నాను. సభంతా గొల్లుమంది.

సాయంత్రం మైదానంలో నన్ను పిలిచి కూర్చోబెట్టారు. "ఎదుటోడి మొగం సూసి అడిగితే అది కొట్లాట. కుర్చీని సూసి అడిగితే ప్రశ్న. ఆ రూలు అందుకే పెట్టినారమ్మా" అన్నారు. అప్పటికి నాకది సగమే అర్థమైంది.

కొన్నాళ్లకు అదే ఆసుపత్రి కమిటీ సమావేశానికి ఎమ్మెల్యే అధ్యక్షులుగా వస్తున్నారని తెలిసి సార్ నన్ను తీసుకెళ్లారు. లోపల తప్పు మీదంటే మీదని రెండు పార్టీల వాళ్లూ అరుచుకుంటున్నారు. "భయంగా ఉండాది సార్" అన్నాను. "కుర్చీలో నేనే ఉండాననుకో" అన్నారు. లేచి, ఎవరి వైపూ చూడకుండా, ఎమ్మెల్యే కుర్చీనే చూస్తూ అధ్యక్షా అనబోయాను.

"అప్పా, ఎక్స్‌రే గది బీగంచెవి యాడుండాది?"

సూపరింటెండెంటు గుమాస్తాను చూశారు. గుమాస్తా వార్డు ఆయాను చూశాడు. ఆయా పైకప్పును చూసింది. "అవునప్పా, యాడుండాది?" అని ఎమ్మెల్యే కూడా అడిగేసరికి రెండు పార్టీల వాళ్లూ ఒక్కటై వెతకడం మొదలుపెట్టారు. తాళంచెవి ఏదో సొరుగులో దొరికింది. తలుపు తీస్తే మిషను మీద పాలిథిన్ కవరు కూడా తీయలేదు.

కొద్ది వారాలకు వారానికి మూడు రోజులు టెక్నీషియన్ రావడం మొదలైంది. ఈలోగా జిల్లా పోటీలు అయిపోయాయి. నేను చాలా ఏడ్చాను. సార్ ఓదార్చలేదు. "రూలు తప్పినావు, పాయింటు తెచ్చినావు" అని, రేడియాలజీ టెక్నీషియన్ కోర్సు దరఖాస్తు నా చేతిలో పెట్టారు. దానికోసం ఆయన తిరుపతి దాకా వెళ్లొచ్చారని తర్వాత తెలిసింది.

సార్ ఇప్పుడు లేరు. ఆయన్ని తలచుకోని రోజూ లేదు. మొన్న టీవీ ముందు ఇద్దరు పెద్దమనుషులు చొక్కాలు పట్టుకునేదాకా వచ్చారు. తలుపు తీసుకుని బయటికి వచ్చి, "ఆయప్పతో మీకేం పని? ఇద్దరూ నన్ను సూసి మాట్లాడండప్పా" అన్నాను. చొక్కాల మీది చేతులు దిగాయి. ఒకాయన దగ్గరకొచ్చి, "మోకాలు నొస్తాండాదమ్మా" అన్నాడు. నిజానికి ఇద్దరిదీ మోకాళ్ల నొప్పే. ఒకరి తర్వాత ఒకరిని లోపలికి పిలిచాను.

కుప్పం ఆసుపత్రిలో ఈ ఉద్యోగంలో చేరి ఎనిమిదేళ్లయింది. గది బీగంచెవి నా కోటు జేబులోనే ఉంటుంది. అది యాడుండాదని ఇంతవరకు ఎవరూ అడగాల్సిన పని రాలేదు.