తలుపు మూస్తే చాలు

కరపత్రాలు అచ్చువేసే ఆ ప్రెస్సులో ఆమెను అందరూ టైటిలమ్మ అనేవారు. సరుకు ఎవరిదైనా, కాగితం మీద పెద్దక్షరాల్లో పడే మాట ఆమెదే. కళ్లజోళ్ల దుకాణానికి ‘చూపు మీది, పూచీ మాది’ అని రాసింది ఆమే. మాట కుదిరేదాకా ఒకచోట కూర్చోదు, పెదవులు కదుపుతూ గదంతా తిరుగుతుంది. నిన్ను చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయమ్మా అని ప్రూఫులు దిద్దే పెద్దాయన విసుక్కునేవాడు.

ఆ చలికాలం ఒక కంపెనీ గ్యాసుతో మండే హీటరుకు కరపత్రం వేయించింది. ఆమెకు చూపించింది బొమ్మ ఒక్కటే. ‘తలుపు మూస్తే చాలు, చలికి సెలవు’ అని రాసిచ్చింది. యజమాని మురిసిపోయాడు. ఊరంతా పంచారు, గోడలకూ అంటించారు. రాసింది చెల్లెలేనని తెలిసి, ఇంట్లో చంటిపాప ఉంది కదా అని, అక్క కూడా ఒక హీటరు కొనేసింది.

మొదటి సరుకు అమ్ముడుపోయాక గానీ సూచనల పుస్తకం అచ్చుకు రాలేదు. ఆ రోజు పెద్దాయన సెలవు పెట్టడంతో ప్రూఫులు ఆమె బల్ల మీదికి వచ్చాయి. మధ్యలో ఒకచోట చూపు ఆగిపోయింది. కిటికీ తెరవకుండా వెలిగించరాదట. మూసిన గదిలో వాసన లేని విషవాయువు చేరి ప్రాణం తీయవచ్చట.

వెంటనే అక్కకు ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేసింది. పాపను నిద్రపుచ్చుతోందేమోనని తనకు తానే సర్దిచెప్పుకుంది. కాళ్లు మాత్రం అప్పటికే మెట్లు దిగుతున్నాయి.

దారి పొడవునా గోడల మీద తను రాసిన మాటే. చూడకూడదనుకుంటూనే చూస్తూ పరిగెత్తింది.

అక్క తలుపు తీయలేదు. వరండా వైపు కిటికీ సందుల్లో చలి దూరకుండా గుడ్డలు కుక్కి ఉన్నాయి. పరదా వెనక ఎర్రగా మంట. అక్కా అని అరుస్తూ చెప్పుల స్టాండు ఎత్తి అద్దం పగలగొట్టింది. చెయ్యి తెగిన సంగతి తర్వాత గానీ తెలియలేదు.

లోపలికి దూకి హీటరు ఆపి, ముందు పాపను, తర్వాత అక్కను బయటికి తెచ్చింది.

“ఏంటే... తల పగిలిపోతోంది, పడుకోనివ్వు,” అని అక్క గొణిగింది.

పాప మాత్రం మెడ వాల్చేసింది. పక్కింటావిడ అంబులెన్సును పిలిచింది. అది వచ్చేదాకా టైటిలమ్మ ఆ బుగ్గలు నిమురుతూనే ఉంది.

“ఏడువమ్మా. ఒక్కసారి ఏడువు.”

ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టాక పాప సన్నగా ఏడ్చింది. తల్లీబిడ్డలకు గండం గడిచింది.

చేతికట్టుతోనే ఆమె ప్రెస్సుకు వెళ్లి ఆ కరపత్రం ఆపమంది. కంపెనీవాళ్లు ఊరుకోరని యజమాని నసిగాడు.

“ఆ మాట నాది. నేనే తీసేస్తాను,” అందామె.

యజమాని ఆ కట్టు వంక చూశాడు. మిషన్ ఆపించి, ‘కిటికీ తెరవండి, తర్వాతే వెలిగించండి’ అని కొత్త కాగితాలు వేయించాడు. ప్రెస్సువాళ్లంతా వాటిని పాతవాటి మీద అంటించారు. హీటర్లు అమ్మిన దుకాణంవాడు చెప్పిన గుర్తులు పట్టుకుని, హీటరు కొన్నవాళ్ల ఇళ్లకు ఆమె స్వయంగా తిరిగింది. కొందరు నవ్వారు, కొందరు దణ్ణం పెట్టారు. ఒక ఇంట్లో ఎంతసేపు తలుపు కొట్టినా ఎవరూ పలకలేదు. బజారుకెళ్లి ఉంటారని ఎవరో అన్నా ఆమె కదల్లేదు. సంచులతో ఇంటివాళ్లు మలుపు తిరిగి రావడం చూశాక, ఆ గుమ్మంలోనే కూలబడిపోయింది.