సోడా తగిలిన పసుపు

ఆ రోజుల్లో మా ఇంట్లో మందుల పెట్టె అంటే పసుపు డబ్బానే. కొడవలి వేలు కోస్తే పసుపు, జలుబు చేస్తే ఆవిరిలో పసుపు, దగ్గొస్తే పాలలో పసుపు, ఎద్దు మెడ పుండుపడినా అదే పసుపు. (నాయనకు కోపమొస్తే మాత్రం అమ్మ దగ్గర మందు లేదు.) ఇప్పుడు నా మనవరాలు పసుపు పాలు తాగుతూ, అదేదో తానే కనిపెట్టినట్టు వాటి గుణాలు నాకే చెబుతుంది. (నేను చెబుతుంటే రాసేది అదే కాబట్టి ఈ మాటా రాయక తప్పదు దానికి.)

నా పెళ్లిచూపుల సంగతి చెబుతాను. చెనిక్కాయ చేలల్లో కలుపు తీసీ తీసీ నేను మాడిన రొట్టెలా ఉండేదాన్ని. రంగు చాలదని అప్పటికే వచ్చినవాళ్లు వచ్చినట్టే పోయారు. ఈ ఉరవకొండ సంబంధమూ తప్పితే విడపనకల్లులో ఒక రెండో పెళ్లివాడికి (ఆయన పెద్దకూతురు నాకంటే పెద్దది) ఇచ్చేస్తానని నాయన తేల్చేశాడు. అందుకని అమ్మ పొద్దున్నే మీగడలో పసుపు కలిపి, గోడకు అలికినట్టు నా ముఖానికి అలికింది. అది ఆరకముందే వీధిలో అరుపు: "పెండ్లోళ్లు బస్సు దిగినారు!" మధ్యాహ్నం రావాల్సినవాళ్లు! బోరు ఎండిపోయిన ఏడు అది. ట్యాంకరు ఇంకా రాలేదు, ఉన్న బిందెడు నీళ్లు టీకి. పెరట్లో బట్టలు నానబెట్టడానికి సోడా కలిపిన బకెట్టు కనిపించింది. నీళ్లు నీళ్లే కదా అని ముఖం కడిగేశాను. భగ్గున మండింది. అద్దం చూసుకునే తీరిక లేదు, టీ పళ్లెం చేతిలో పెట్టి నన్ను వాళ్ల ముందుకు తోశారు.

పెళ్లికొడుకు తల్లి గ్లాసు అందుకోబోయి చేయి వెనక్కి తీసుకుంది. "ఏమమ్మా, పిల్లకు అమ్మవారు పోసిందా ఏమి? మొగమంతా ఎర్రగుండాది!"

"అయ్యో, లేదు వదినా. సిగ్గు! మా పిల్లకు సిగ్గు జాస్తి," అంది అమ్మ.

"సిగ్గు మెడ మింద కారతాదా యాడన్నా?"

నిజమే, ఎర్రటి చారలు రవికెలోకి దిగుతున్నాయి. ఆమె లేచి చెప్పులు వెతుక్కుంటోంది. నాయన అప్పుడే విడపనకల్లు దారి చూస్తున్నట్టు అనిపించింది నాకు. అంతలో పెళ్లికొడుకు పకపకా నవ్వాడు.

"కూచోమ్మా. పసుపుకు సోడా తగిలింది, అంతే. పోయిన వారం పప్పు మరక పడితే నా పంచెకు సబ్బేసి ఉతికినా, ఇట్లే ఎర్రగయింది. పులుపు తగిలితే మళ్లా పచ్చగయితాది."

అమ్మ వంటింట్లోకి పరిగెత్తి, చారుకని పిసికిపెట్టిన చింతపండు రసం తెచ్చి అందరి ముందే నా ముఖానికి పులిమింది. ఎరుపు పోయి పసుపు తేలింది. "ఇంగ తిరగవాత పెట్టేదొకటే తక్కువ," అంటూ ఆ తల్లి మళ్లీ కూచుంది. నా బుర్రలో మాత్రం ఒకటే మాట తిరుగుతోంది. ఆగలేక అడిగేశాను: "నీ పంచె నువ్వే ఉతుక్కుంటావా?"

"ఉతుక్కుంటా. ఏం?"

"అయితే నాకు సమ్మతమే."

(పిల్లే ముందు ఒప్పుకోవడం మా వంశంలో అదే మొదలు. నాయనకు దగ్గు ఆగలేదు. దానికీ పసుపు పాలే.)

ఉతికాడు పాపం, చివరిదాకా. ఆయన పోయాక, ముఖానికి పసుపు నీకెందుకే అన్నారు ఊరి ఆడవాళ్లు. సరే, ముఖానికి వద్దన్నారు, పగిలిన మడమలకు వద్దనలేదుగా! ఆముదంలో కలిపి పూసుకుంటాను. సబ్బు పెట్టి కడిగితే ఎర్రగా కారుతుంది. చింతపండుతో పోగొట్టుకోవచ్చు, పోగొట్టుకోను. మా అత్త ఉండుంటే పిలిచి చూపించేదాన్ని: "చూడత్తా, సిగ్గు మడమల్లో నుంచి కూడా కారతాది."