పంచకాల్లో పిన్ని ఇల్లు

మొన్న నరసరావుపేటలో ఓ గృహప్రవేశానికి వెళ్తే, పీటల మీద వ్రతం జరుగుతుండగానే జనమంతా ఫోన్లెత్తి సీలింగును ఫొటోలు తీస్తున్నారు. లైట్లు ఎక్కడున్నాయో కనబడవు, వెలుగు మాత్రం గోడల మీదికి మెత్తగా దిగుతోంది. అందరూ ఎంత బాగుందో అంటున్నారు. నాకు గురజాల పిన్ని గుర్తొచ్చింది.

మా అమ్మ చెల్లెలు ఆవిడ. ఎవరింట గృహప్రవేశమైనా వెళ్ళేది, భోజనానికి కాదు, ఇల్లు చూడ్డానికి. వడ్డన మొదలయ్యేసరికి ఆవిడ వంటింట్లో సొరుగులు లాగి వదులుతూ, చప్పుడు కాకుండా మూసుకుంటున్నాయో లేదో చూస్తుండేది. బాత్రూం టైల్స్ మీద ఓసారి నడిచొచ్చి, "జారుద్దమ్మాయ్, ముసలోళ్ళున్న కొంపకి పనికిరాదు" అని ఇంటావిడ మొహం మీదే అనేసేది. తిరిగొచ్చాక తన నాపరాళ్ళ ఇంట్లో, మిరపకాయల బస్తాల పక్కన కూర్చుని, ఫోనులో ఎవరెవరివో హాళ్ళూ పడగ్గదులూ చూస్తూ కంచంలో అన్నం ఎండబెట్టుకునేది. బాబాయి విసుక్కునేవాడు గానీ, రెండు పంటలు కలిసొచ్చాక ఆయనే కొత్తింటికి ముగ్గు పోయించాడు. టీవీ వెనక గోడకి నాపరాయి ముక్కలు అతికిస్తే అందంగా ఉంటుందన్న డిజైనరు కుర్రాణ్ణి, "ఈ రాళ్ళ మీంచి లెగవటానికేగా ఇల్లు కట్టుకుంటంది!" అని పిన్ని ఉతికి ఆరేసింది. అక్కడ చెక్కే పెట్టించింది.

ఆ ఇంట్లో ఏడాది తిరక్కుండానే పిన్నికి లివరు పాడైంది. గుంటూరు ఆసుపత్రిలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. చూడ్డానికొచ్చినవాళ్ళు మంచం పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంటూనే తలెత్తి సీలింగు చూసేవారు. పిన్ని అది కనిపెట్టి, లైట్లు వెయ్యమని నాకు సైగ చేసేది. ఆ గర్వం చూసి నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

అంతలో బాబాయి అన్నగారు పంచాంగం పట్టుకుని ఊడిపడ్డాడు. మర్నాటి నుంచి పంచకాలట, ధనిష్ఠతో మొదలయ్యే అయిదు నక్షత్రాల రోజులు. ఆ నక్షత్రాల్లో ఎవరైనా పోతే, ఆ ఇంటిని నెలల తరబడి మూసిపెట్టాలని మా వైపు పట్టింపు. "అది కట్టుకున్న ఇల్లు. దాన్నే బయటేస్తానా?" అని బాబాయి అరిచాడు. లోపల పిన్నికి అంతా వినబడింది.

"నన్ను షెడ్డులో పడుకోబెట్టండయ్యా," అంది. "ఆర్నెల్లు తలుపులేస్తే చెక్కకి చెదలు పట్టుద్ది. సోఫాలు ఎలకలు కొరికిపారేస్తయి. చానా ఇష్టపడి చేయించుకున్నా."

ఆవిడ మాట ఎవరు కాదనగలరు? ఇంటికెదురుగా రేకుల షెడ్డులో బస్తాలు జరిపి మంచం వేశారు. రేకులు కాగిపోతున్నాయి. మిరప ఘాటుకి ఆవిడ దగ్గుతుంటే, ఎదురుగా చల్లటి గదులు ఖాళీగా కనబడుతుంటే, ఆ పంచాంగాన్ని పొయ్యిలో పెట్టాలనిపించింది నాకు. పిన్ని మీదా కోపమొచ్చింది. "ఇల్లు పోతే పోయింది, లోపలికి పద" అన్నాను. "నువ్వు గుమ్మానికి అడ్డం నుంచోమాకు, హాలు కనపడట్లా" అంది.

పంచకాలు దాటిన పొద్దున బాబాయి గదిలో దుప్పటి మార్పించి, మంచంతో సహా లోపలికి మోయడానికి నలుగుర్ని పిలుచుకొచ్చాడు. అప్పటికే పిన్ని ఒళ్ళు చల్లబడింది. కబురంది వచ్చిన పురోహితుడు లెక్క చూసి, నక్షత్రం మంచిదేననీ, ఇంట్లో పోయినా దోషం ఉండేది కాదనీ చెప్పాడు. వచ్చిన చుట్టాలు హమ్మయ్య అనుకున్నారు. బాబాయి షెడ్డు గుంజకి తల కొట్టుకుంటుంటే ఇద్దరు పట్టుకోవాల్సొచ్చింది.

చెడ్డరోజులు, ఎలాగోలా గడిచిపోతే చాలనుకున్నాం అందరం. పిన్నికి మిగిలిన కాలమంతా ఆ రోజులేనని ఒక్కరికీ తట్టలేదు.