సూదిమందా, మాత్రలా అని తేల్చుకోలేని రోజుల్లో

సహోదరులారా, సహోదరీలారా, పెళ్లయి ఏళ్లు గడిచినా బిడ్డ లేని ఆడదానికి పక్కింటి సీమంతమంటే ఎంత భయమో పడినవాళ్లకే తెలుసు. పలమనేరులో ఆవులు పెట్టుకుని బతికే మా ఇంట్లో నేను ఆ భయంతోనే లేచేదాన్ని, పాలు పితికేదాన్ని, ఎవరైనా పేరంటానికి పిలుస్తారేమోనని తలుపు దగ్గరగా వేసుకునేదాన్ని.

మద్రాసులో ఒక డాక్టరమ్మ నన్ను పరీక్షించి, నాలో అండం పక్వానికి రావడం లేదని చెప్పి మాత్రలు రాసింది. నెలల తరబడి మింగినా ఫలితం లేదు. అప్పుడామె నా ముందు రెండు దారులు పెట్టింది.

"మాత్రల మోతాదు పెంచి ఇంకొన్నాళ్లు ఓపిక పట్టొచ్చు. లేదా సూదిమందు ఉంది, అది బలమైనది, త్వరగా పనిచేయొచ్చు. కానీ ఒక్కోసారి అండాశయాలు వాచి కడుపులో నీరు చేరుతుంది, ప్రాణం మీదికి రావచ్చు. ఆలోచించుకోండి."

"నిదానంగానే పోదాం సులోచనా, తొందరేముండాది?" అన్నాడు నా భర్త దాసు. కానీ ఎదురుచూసే శక్తి నాలో అయిపోయింది, సూదిమందే అడిగాను.

ఆమె హెచ్చరించినట్టే జరిగింది. పొట్ట ఉబ్బి, ఊపిరాడక మంచం పట్టాను, సూదులు ఆపేశారు. కబురంది మా అత్తగారు వచ్చింది. ఆమె మన విశ్వాసంలో లేదు, తిరుచానూరు అమ్మవారికి మొక్కుకునే మనిషి. మనవడి కోసం ఎంత ఆశపడిందో తెలుసు గనుక ఆమె మొహం చూడలేకపోయాను.

ఆమె నా పాదాలు ఒత్తుతూ, "బిడ్డ ల్యాకపోతే పోనీలేమ్మా. నువ్వు బతికుండాల. నువ్వు ల్యాకుంటే మేం యాడికి పోతాం?" అనింది.

ఆ నోట ఆ మాట పలికించింది నా ప్రభువేనని నమ్ముతున్నాను. ఆమె చేయి పట్టుకునే ప్రార్థించాను: "తండ్రీ, ఇన్నాళ్లూ బిడ్డనే అడిగాను, నిన్ను అడగలేదు. ఇస్తే తీసుకుంటాను, ఇవ్వకపోయినా నీ కూతురినే."

కోలుకున్నాక మాత్రల దారే ఎంచుకున్నాం, డాక్టరమ్మ మోతాదు కాస్త పెంచింది. ఆ ఏడాదే నాకు నెల తప్పింది, ఆడబిడ్డ పుట్టింది. మందు వల్లనా, ప్రార్థన వల్లనా అని అడుగుతారు. మందు తెలిసిన డాక్టరమ్మను చూపించింది కూడా ఆయనే కదా అంటాను.

ఈ వరుసల్లో ఇంకా ఎదురుచూస్తున్న అక్కచెల్లెళ్లు ఉంటే, నన్ను చూసి కుమిలిపోకండి. బిడ్డను ఎత్తుకున్నాక కాదు నాకు విడుదల వచ్చింది. ఆ మంచం మీద, ఒడి ఖాళీగా ఉండగానే, భయం నన్ను వదిలిపోయింది. ఆ నెమ్మది మీకూ ఇస్తాడు, ఆయన్ని నమ్మండి. కూటం అయ్యాక నా దగ్గరికి రండి, కలిసి మోకరిద్దాం. మహిమంతా దేవునికే.