బోర్లించిన పెట్టె

మా చిన్నాయన పోయి నెల దాటింది. ఆయన పోయిన పొద్దు నేను హోసూరులో కంపెనీ లైనులో ఉన్నాను. కరెంటు బోర్డులు చూసి మంచివి ఒకపక్క, చెడిపోయినవి ఒకపక్క పెట్టే పని నాది. లైనులో ఉన్నంతసేపు ఫోను పెట్టుకోనియ్యరు. టీకి బయటికి వచ్చి చూస్తే పిన్నమ్మ తొమ్మిదిసార్లు పిలిచింది. తిరిగి చేస్తే, "ఇంక నువ్వు ఆ పెట్టె బాగు చేసేదానికి రావద్దులే పాపా, ఆయన పోయినాడు" అనింది. పిన్నమ్మ ఎవర్నీ ఎత్తిపొడిచే మనిషి కాదు. ఆ మాట కూడా ఎత్తిపొడుపుగా అనలేదు. అందుకే అది నాకు ఇంకా గుచ్చుకుంటానే ఉంది.

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. ఇల్లు తమిళనాడులో, ధర్మపురి పక్కన ఇండూరులో. అన్నదమ్ములిద్దరికీ చెరిసగం చేను వస్తే, ఆయన తన భాగం కూడా నాయననే చేసుకోమని చెప్పి, ధర్మపురి బస్‌స్టాండు వెనక సందులో వీడియో గేమ్ కడ, అంటే అంగడి, పెట్టినాడు. బీరువా అంతేసి చెక్కపెట్టెలు నాలుగు. ఒక్కోదాంట్లో ఒక టీవీ, దాని ముందర తిప్పేదానికి ఒక పిడి, కొట్టేదానికి ఆరు బటన్లు. బడి ఎగ్గొట్టిన పిల్లకాయలంతా అక్కడే తేలేవాళ్లు. వాళ్ల అమ్మానాయనలు వచ్చి ఆయన్ను తిట్టిపోసేవాళ్లు. చావింటికి వచ్చిన మా బంధువు ఒకాయన కూడా వరండాలో కాఫీ తాగతా, "మంచోడే పాపం, కానీ ముసలోడు అయ్యేదాకా ఆటబొమ్మలతోనే పొద్దుపుచ్చినాడు" అన్నాడు. నేను లేచి లోపలికి పోయినాను. ఇంకొంచేపు అక్కడే ఉండింటే ఆ కాఫీ ఆయన నెత్తిన పోసుండేదాన్ని.

నాది ఎడమచేతి వాటం. ఆ చెయ్యి ముందుకొస్తే చాలు నాయన స్కేలు తీసేవాడు. బడి వదిలినాక ఊరి బస్సు వచ్చేదాకా నేను చిన్నాయన కడలో కూర్చునేదాన్ని. గేమ్ పెట్టెల్లో పిడి ఎడమపక్క, బటన్లు కుడిపక్క ఉంటాయి. నా కుడిచేతి వేళ్లు ఆ బటన్ల మీద తడబడతా ఉంటే ఆయన రెండు రోజులు ఏమీ అనకుండా చూసినాడు. మూడోరోజు పోయేసరికి మూలనుండే పెట్టెకు పిడి కుడిపక్కకు, బటన్లు ఎడమపక్కకు వచ్చేసినాయి. చెక్క కోసి, వైర్లన్నీ విప్పి, మళ్లీ కలిపి పెట్టినాడు. ఆడను వచ్చిన పిల్లోడు ఒకడు "ఏందన్నా ఇది, అంతా తిరగబడి ఉంది" అని అడిగితే, "అది మా పాపది. నీకు కావల్సింది పక్కనుంది పో" అన్నాడు. ఆ ఇంట్లో, ఆ ఊర్లో, నా ఎడమచెయ్యి తప్పు కాదని చెప్పిన మనిషి ఆయన ఒక్కడే.

నా పెట్టెకు అడుగు చెక్క బిగించేముందు ఆయన చెవి మీద పెట్టుకున్న పెన్సిలు తీసి, ఏ వైరు ఏ బటన్‌కు పోతాదో ఆ చెక్క లోపలిపక్క రాసినాడు. ఆయనకు తెలుగు అక్షరాలు రావు. మా ఇళ్లల్లో మాటంతా తెలుగే, రాతంతా తమిళ అక్షరాలతోనే. నేను తెలుగు రాత నేర్చుకునింది హోసూరు హాస్టలులో, నాతోపాటు ఉన్న కుప్పం అమ్మాయి దగ్గర. ఇప్పుడు నేను రాసేది చిన్నాయన బతికున్నా చదవలేడు. ఆ ధైర్యంతోనే రాస్తా ఉండాను.

అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చినాక కడ మూసేసినాడు. కానీ ఆ పిడి, ఆ బటన్లు మర్చిపోలేనోళ్లు కొందరు ఉంటారు కదా. సేలం నుంచి, బెంగుళూరు నుంచి వెతుక్కుంటా ఆయనకే ఫోను చేసేవాళ్లు. అట్లాంటివాళ్ల కోసం ఒళ్లో పెట్టుకునేంత పెట్టెలు చెయ్యడం మొదలుపెట్టినాడు. లోపల అగ్గిపెట్టె అంత బోర్డు, దాంట్లో ఒక చిప్పు. ఏ బటన్ నొక్కితే ఏమి జరగాలో ఆ చిప్పుకు చెప్పే ప్రోగ్రాముంది, దాన్నే ఫర్మ్‌వేర్ అంటారు. ఒక బటన్ నొక్కి పట్టుకోని వైరు కంప్యూటరుకు పెడితే, పెట్టె పెన్‌డ్రైవ్ మాదిరి కనిపిస్తాది. కొత్త ఫర్మ్‌వేర్ ఫైలు దాంట్లో వేస్తే లైటు నాలుగుసార్లు కొట్టుకోని, మళ్లీ పెట్టె అయిపోతాది. ఇంకొక బటన్ నొక్కి పెడితే సెట్టింగుల పేజీ తెరుచుకుంటాది. ఏ బటన్ దేనికి, ఎంతసేపు నొక్కితే లెక్కకు రావాల, ఏ లైటు వెలగాల, అన్నీ అక్కడే మార్చుకోవచ్చు.

చిన్నాయన ఆ పేజీ ముందర కూర్చోని గంటలు గంటలు ఫోనులో మాట్లాడేవాడు. "నీ బొటనవేలు ఎక్కడ ఆనుతాది తంబీ? గట్టిగా కొడతావా, మెల్లగా తాకుతావా?" అని తమిళంలో అడిగేవాడు. పెళ్లిచూపుల్లో కూడా అన్ని ప్రశ్నలు అడగలేదని పిన్నమ్మ గొణిగేది. "చేతిని బట్టి పెట్టె ఉండాలే" అని ఆమెకు జవాబు చెప్పేవాడు. నాకు కూడా ఆ పని నేర్పించినాడు. నాది ఒళ్లంతా తొందర. నేను పేజీ తెరవంగానే నా చెయ్యి పట్టుకునేవాడు. "ముందు ఉండేది రాసి పెట్టుకో పాపా. ఆ తర్వాత చెయ్యి పెట్టు." ఎన్నిసార్లు చెప్పినాడో లెక్కలేదు. నేను ఎన్నిసార్లు విన్లేదో దానికీ లెక్కలేదు.

రెండేండ్ల కింద ఒక పొద్దు మొహం కడుక్కుంటా ఉంటే ఆయనకు కుడిచెయ్యి పడిపోయింది. ఆస్పత్రిలో నన్ను చూసి, "ఇప్పుడు నేనూ నీ జట్టే" అని ఎడమచెయ్యి ఎత్తి చూపించినాడు. పక్షవాతం ఇంకొకసారి రావచ్చు, వస్తే మాట పోవచ్చు అని డాక్టరు చెప్పినాడు. అది విని మేమంతా ఏడ్చినాం. ఆయన ఇంటికి వచ్చి ఒంటిచేత్తో పెట్టె చెయ్యడం మొదలుపెట్టినాడు. ఎడమచేతికి సరిపోయేటట్టు నాలుగు వేళ్లకు ఎనిమిది బటన్లు, ఒక్కో వేలుకు పైన ఒకటి, కింద ఒకటి. పాత ల్యాప్‌టాప్‌లో తన గొంతుతో ఎనిమిది మాటలు రికార్డు చేసినాడు. పెట్టెను దానికి తగిలించి ఏ బటన్ నొక్కితే ఆ మాట ల్యాప్‌టాప్‌లో వినిపిస్తాది. "నోరు బాగానే ఉంది కదా చిన్నాయనా, ఇదెందుకు?" అంటే, "బాగున్నప్పుడే కదా రికార్డు చెయ్యాల" అన్నాడు.

రెండోది ఈ ఎండాకాలంలో వచ్చింది. మాట పోయింది, పెట్టె మాట్లాడింది. నీళ్లు. ఫ్యాను. నొప్పిగా ఉంది. పక్కకు తిప్పు. "ఏమే" అనేది ఒక బటన్. పిన్నమ్మ ఆవుల కాడ ఉంటే అది మోగేది, "వస్తా ఉండాలే, కాళ్లకు చక్రాలు ఉండాయా నాకు" అని ఆమె అక్కడి నుంచే అరిచేది. చూసేవాళ్లకు ఆ ఇంట్లో ఏమీ మారలేదు అనిపించేది. చిటికెనవేలు కింద బటన్‌కు "పాప వచ్చిందా?" అని పెట్టుకున్నాడు. ఆదివారం ఆదివారం నేను ఆయన మంచం ముందరే నిలబడి ఉంటే, నన్ను చూస్తానే అది నొక్కేవాడు. "రాలేదు చిన్నాయనా, నేను వేరే ఎవరో" అనేదాన్ని. ఆయన మొహంలో నవ్వేది ఒక పక్కే, కానీ అది చాలు.

ఒక ఆదివారం పిన్నమ్మ, "ఒక్కోసారి నీళ్లు అని రెండు మాట్లు అంటాదే ఇది" అనింది. ఆయన చెయ్యి వణుకుతా ఉన్నింది, ఒకసారి నొక్కింది రెండుసార్లు అయినట్టుంది. అంతమాత్రానికి ఏమైపోతాది? రెండుసార్లు అంటే రెండుసార్లు విందాం. కానీ నేను ఊరుకోలేదు. కొత్త ఫర్మ్‌వేర్ వచ్చి ఉంది, దాన్ని వేస్తే సరిపోతాది అనుకున్నాను. కంపెనీలో పని చేస్తా ఉండాను కదా, నాకు తెలీదా? హోసూరు బస్సుకు టైము కూడా అయిపోతా ఉంది. బటన్ నొక్కి పట్టుకోని వైరు పెట్టినాను. చిన్నాయన "ఊ, ఊ" అని ఎడమచెయ్యి మంచం మీద కొట్టినాడు. "ఒక్క నిమిషం చిన్నాయనా, అయిపోయింది" అన్నాను. నిజంగానే అయిపోయింది. లైటు నాలుగుసార్లు కొట్టుకుంది. ఆయన పెట్టుకున్న సెట్టింగులన్నీ తుడుచుకోని పోయినాయి.

ఏ బటన్‌కు ఏ మాటో పిన్నమ్మకు తెలుసు కాబట్టి అవి మళ్లీ పెట్టినాను. ఎంతసేపు నొక్కాలనేది మాత్రం తెలీలేదు. ఆయన ఒక్కో వేలు ఒక్కో మాదిరి వణికేది, ఒక్కోదానికి ఒక్కో లెక్క పెట్టుకున్నాడు. నేను ఎనిమిదింటికీ ఒకటే లెక్క పెట్టినాను. ఆయన నీళ్లకు నొక్కితే నీళ్లు నీళ్లు నీళ్లు నీళ్లు అని ఆగకుండా అరిచింది. తగ్గిద్దామని లెక్క పెంచితే మూగదైపోయింది. నాలుగుసార్లు నొక్కేసరికి ఆయన చెయ్యి అలిసిపోయేది. పాత సెట్టింగుల ఫైలు ఉంటాదేమో అని ల్యాప్‌టాప్ అంతా వెతికినాను. లేదు. నాకన్ని నీతులు చెప్పి తనది మాత్రం కాపీ తీసి పెట్టుకోలేదు చూడు అని, మంచంలో ఉన్న మనిషి మీద, లోపల లోపల కోపం కూడా పడినాను.

తర్వాత రెండు ఆదివారాలు పోయినాను. పెట్టె చేతి కాడ పెడితే చాలు, ఆయన దాన్ని అంచుదాకా నెట్టి, నానా తంటాలు పడి, బోర్లించేవాడు. మా ఇండ్లల్లో మంచాన పడిన మనిషి దగ్గర ఏదీ బోర్లించరు. చెంబు గానీ, చేట గానీ, మానిక గానీ. బోర్లించేది పీనుగ లేచిపోయినాకనే. పిన్నమ్మ ప్రతిసారీ పరిగెత్తుకోని వచ్చి, "అట్ల చెయ్యొద్దు, మంచిది కాదు" అని పెట్టెను వెల్లకిలా తిప్పి కండ్లకు అద్దుకునేది. నాకు అట్లాంటి నమ్మకాలు పెద్దగా లేవు. నా మీద కోపంతో చేస్తా ఉండాడు అనుకున్నాను. ఆ రెండో ఆదివారం మూడోసారి బోర్లిస్తే నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "చాలు చిన్నాయనా. కోపముంటే నన్ను కొట్టు. దాన్ని ఇసిరేసి ఏమి లాభం?" అన్నాను. ఆయన నన్ను అట్లనే చూసినాడు. పెట్టెను అటక మీద పెట్టేయమని పిన్నమ్మకు చెప్పి బస్సెక్కినాను. ఆ తర్వాత నాలుగు రోజులు ఉన్నాడు. ఆ నాలుగు రోజులూ ఆ ఇంట్లో ఆయన మాట ఒక్కటి లేదు.

కర్మ అయినాక, ఆ కాఫీ తాగిన బంధువే మళ్లీ వచ్చి, "ఆ ఆటపెట్టె ఊరికేనే ఉంది కదా, మా మనవడికి ఇయ్యండి" అన్నాడు. ఇయ్యనని మొహాన్నే చెప్పినాను. ఆ బంధువు వెళ్లినాక పెట్టెను అటక మీది నుంచి దించినాను. కనీసం బోర్డయినా నా దగ్గర పెట్టుకుందామని, బోర్లించి, నాలుగు మరలు విప్పి, అడుగు చెక్క తీసినాను.

చెక్క లోపలిపక్క పెన్సిలు రాత ఉంది. తమిళ అక్షరాలు, మా ఇంటి తెలుగు. కుడిచెయ్యి పోయినాక ఎడమచేత్తో రాసింది, ఒకటో తరగతిలో నేను రాసినట్టు వంకరటింకరగా ఉంది. చూపుడువేలు, పైది ఇంత, కిందిది ఇంత. నడిమివేలు ఇంత. చిటికెనవేలు, శానా సేపు ఆగాల, దీనికి వణుకు ఎక్కువ. ఎనిమిదింటికీ ఎనిమిది లెక్కలు. రెండోసారి పక్షవాతం వచ్చినాక వణుకు పెరిగి మారిందేమో, కానీ అవి ఉండింటే ఆయన మాట ఆయనకు ఉండేది. ఆ లెక్కల కింద గీత గీసి ఇంకొక ముక్క రాసినాడు.

"పాప ఎప్పుడో ఒకప్పుడు మార్చేస్తాది. ఇది చూసి మళ్లీ పెట్టుకోనీ. తిట్టొద్దు."

నేను ఆ చెక్క పట్టుకోని ఎంతసేపు ఏడ్చినానో తెలీదు. పిన్నమ్మకు చదివి వినిపించినాను. ఆమె చేట తీసుకోని బియ్యం ఏరేదానికి కూర్చునింది. తిట్టింటే బాగుండేది.

ల్యాప్‌టాప్ తెచ్చి, పేజీ తెరిచి, ముందు ఉండే లెక్కలు ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఆ తర్వాత ఆయన రాసినవి ఒక్కొక్కటే పెట్టినాను. పేజీ మూసి చిటికెనవేలు కింద బటన్ నొక్కితే పలకలేదు. నాది తొందర నొక్కుడు కదా. ఈసారి వేలు తియ్యకుండా, ఆయన ఆగినంతసేపు ఆగినాను.

"పాప వచ్చిందా?"

"వచ్చింది" అనింది పిన్నమ్మ, బియ్యం ఏరతా తల ఎత్తకుండానే. ఆ తర్వాత చేట పక్కన పెట్టి లేచి వచ్చింది. వైరు పీకి, పెట్టెను రెండు చేతుల్తో ఎత్తి, ఆయన మంచం మీద, ఆయన ఎడమచెయ్యి ఉండే చోట, బోర్లించి పెట్టింది.