మగ్గం నా ముక్కు మీదికి వచ్చిన రోజు

ముక్కులో వంకరపోయిన ఎముకకు పాలమూరులో ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చాను. జిల్లాలు మారినా మాకు దవాఖాన అంటే పాలమూరే. తల వంచొద్దు, ముక్కుకు ఏదీ తగలనివ్వొద్దు అని డాక్టరు గట్టిగా చెప్పాడు. తల వంచకుండా మగ్గం నేయడం ఎవరి వల్ల అవుతుంది? నేను సగం నేసిన పట్టుచీరను పూర్తి చేయడానికి నా తోడికోడలు మగ్గం గుంటలోకి దిగింది.

మా ఇంట్లో ఒకరు మొదలుపెట్టిన చీరను ఇంకొకరు ముట్టరు. చెయ్యి మారితే పోగును కొట్టే దెబ్బ మారుతుంది, బట్ట మీద అక్కడొక చార పడుతుంది. పెళ్లివాళ్లు తొందరపెడుతున్నారని అత్తమ్మ ఈసారికి ఒప్పుకుంది. నేను మాత్రం ఆ చార కోసమే కాచుకుని ఉన్నాను. ముక్కుకు పట్టీతో, నోటితో గాలి పీలుస్తూ, మంచం మీద కూర్చుని ఆ మగ్గం ఒక్కో దెబ్బా లెక్కపెట్టేదాన్ని. పైగా అత్తమ్మ, "చిన్నదాని చెయ్యి మస్తు సాఫుగున్నది," అని నాకు వినపడేలా అనేది. ఇన్నేళ్లలో నా చేతికి ఆ మాట దక్కలేదు.

ఒక మధ్యాహ్నం తోడికోడలు అన్నానికి లేవగానే గుంటలోకి దిగాను. నా చెయ్యి ఎక్కడ ఆగిందో, ఆమెది ఎక్కడ మొదలైందో చూడాలని బట్ట మీదికి వంగి వేళ్లతో తడిమాను. చార కనిపించలేదు. ఇంకా వంగాను. గుంటలో కూర్చున్నాక కాలు ఊరుకుంటుందా? అలవాటు కొద్దీ కింది తొక్కుడు పలకను తొక్కింది. కాలు తొక్కితే చెయ్యి ఆగదు. పోగును దగ్గరికి కొట్టే బరువైన చెక్కను నా చేత్తో నేనే ముందుకు లాక్కున్నాను. అది సరిగ్గా ముక్కుకు తగిలింది.

కళ్లు బైర్లు కమ్మాయి. నా అరుపు విని తోడికోడలు ఎంగిలి చేత్తోనే ఉరికొచ్చి, తన కొంగు నా ముక్కు కింద పట్టింది. చూస్తుండగానే కొంగంతా నెత్తురైంది.

"చీరకు అంటిందా?" అత్తమ్మ వాకిట్లోంచే అరిచింది.

"చీరకేం కాలే అత్తమ్మా. అక్కకు తాకింది. జర ఆటో పిలువున్రి," అంది ఆమె.

నేను మగ్గంలో ఎందుకు కూర్చున్నానో మాత్రం అడగలేదు. ఆటోలో నా తలను తన భుజానికి ఆనించుకుని, గతుకు వచ్చినప్పుడల్లా అరచెయ్యి అడ్డం పెట్టింది. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. మంచిగా ఉండడం కూడా నాకంటే దీనికే బాగా వచ్చు అని దారి పొడుగునా కుళ్లుకుంటూ పోయాను.