ట్రాఫిక్ వేరు, ట్రాఫికింగ్ వేరు

కోర్టులో అందరూ ఆవిడని టైపిస్టమ్మ అనేవాళ్ళు. ఇరవై రెండేళ్ళుగా బోనుకి మూరెడు దూరంలో కూర్చుని ఎవరేమన్నా టకటకా కాగితం మీదికి దింపేది. తను మాత్రం అక్కడ నోరు విప్పేది కాదు. "అక్కడ దాచుకున్న మాటలన్నీ ఇంటికొచ్చి నా మీద కుమ్మరిస్తావేమే!" అని వాళ్ళాయన నవ్వేవాడు. ఇంగ్లిషు మాటలంటే ఆవిడకి పిచ్చి. కొత్తది తగిలిందంటే చాలు, టిఫిన్ డబ్బా పక్కకి నెట్టి నిఘంటువు తెరిచేది.

ఆ రోజు ఒక వ్యాను డ్రైవర్ని బోనెక్కించారు. కంగారులో చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు పాపం. జడ్జిగారికి ఆ ఊరి భాష రాదు. అనువాదకుడేమో జ్వరంతో సెలవు పెట్టాడు. కోర్టు గుమాస్తాయే గబగబా అడిగేశాడు: "నీ మీద ట్రాఫికింగ్ కేసు. తప్పు ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటానండీ."

గుమాస్తా ఆ మాటే ఇంగ్లిషులో చెప్పాడు. జడ్జిగారు కలం తీశారు. డ్రైవర్ తనలో తాను గొణుక్కున్నాడు: "సందు మొదట్లో బండి అడ్డంగా పెట్టడం నాదే బుద్ధితక్కువ."

టైపిస్టమ్మ వేళ్ళు టక్కున ఆగిపోయాయి. ఇప్పుడు నోరు మూసుకుంటే ఈ మనిషి బతుకు బుగ్గి!

"ఆగండి!" అంటూ లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి దొర్లింది. హాలంతా ఆవిడ వైపు తిరిగింది.

"ఏమిటమ్మా ఇది?" జడ్జిగారు కళ్ళెర్రజేశారు.

"క్షమించండి సార్," అంది ఇంగ్లిషులో. "ఇతను ట్రాఫిక్ అనుకుంటున్నాడు, రోడ్డు మీది ట్రాఫిక్! ఆ మాటకి ఒకప్పుడు సరుకుల వ్యాపారమనే అర్థం. ఇప్పుడు ట్రాఫికింగ్ అంటే చట్టం కాదన్నవాటితో బేరం. మత్తుమందులు, ఆయుధాలు, అడవి జంతువులు, ఆఖరికి మనుషులు కూడా. ఆ తేడా ఇతనికెవరూ చెప్పలేదు."

జడ్జిగారు కలం కింద పెట్టారు. "అయితే మీరే చెప్పండి."

ఆవిడ బోను వైపు తిరిగింది. "చూడు నాయనా, బండి అడ్డం పెట్టినందుకు కాదు. నీ బండిలోని పెట్టెల్లో మూడొందల తాబేళ్ళు దొరికాయి. దొంగచాటుగా అమ్మడానికి తీసుకెళ్తున్నావని కేసు. ఏళ్ళ తరబడి జైలు!"

"తాబేళ్ళా!" డ్రైవర్ బోను కమ్మీ పట్టుకున్నాడు. "పింగాణీ సామానన్నారు తల్లీ! కుదుపు తగలకూడదంటే నత్తలా తోలాను. నన్నాపింది ట్రాఫిక్ పోలీసే కదా! పెట్టెలు విప్పినప్పుడు నేనక్కడ లేనండీ!"

"ఎక్కించిందెవరు?" అడిగింది టైపిస్టమ్మ.

"గోదాము ఆసామి. కళ్ళకి గంతలు కట్టినా తీసుకెళ్తాను, పదండి!"

ఆవిడ అదంతా ఇంగ్లిషులో చెప్పగానే జడ్జిగారు ఆ ఒప్పుకోలు కొట్టేసి, అతనికి వకీలును పెట్టి, పోలీసుల్ని గోదాముకి పరుగులు పెట్టించారు. సాయంత్రానికల్లా మరో నలభై పెట్టెలు దొరికాయి. వెనక గోడ దూకబోయిన ఆసామి కాలు బెణికి అక్కడే కూలబడ్డాడు. నాలుగు నెలలకి డ్రైవర్ మీద కేసు కొట్టేశారు. అతనే ముఖ్యసాక్షి అయ్యాడు.

జడ్జిగారి సిఫారసుతో ఆవిడ అనువాదకురాలైంది. మొదటిరోజే గుమాస్తా నెమ్మదిగా దగ్గరికొచ్చాడు. "అక్కయ్యా, మరి స్మగ్లింగ్ అంటే?"

"అది సరిహద్దు దాటించే దొంగరవాణా. ట్రాఫికింగ్‌కి సరిహద్దుతో పనిలేదు, పక్క వీధిలోనూ జరగొచ్చు. కూర్చో, ఇంకా ఉంది!" అంది ఉత్సాహంగా.